పాత టాటా ఏస్‌కు టైమింగ్ బెల్టు మార్పించడం ఎలా: ఖర్చు లెక్క, షెడ్డులో చూసుకోవాల్సినవి

"టైమింగ్ బెల్టు మార్చడానికి ఎంతవుతుంది?" ట్రాలీ నడిపేవాళ్లు, వాటిని కిరాయికి తిప్పే ఓనర్లు నన్ను తరచుగా అడిగే మాట ఇది. టైమింగ్ బెల్టు అంటే ఇంజిన్‌లో పిస్టన్లు, వాల్వులు ఒకదానికొకటి తగలకుండా, వరుస తప్పకుండా కదిలేలా చూసే పళ్ల బెల్టు. ఒక్క అంకెతో జవాబు చెప్పించుకుంటే మోసపోయేది మీరే. ఒక షెడ్డువాళ్లు చెప్పిన రేటు ఉత్త బెల్టుకు అయ్యుంటుంది. ఇంకొకరు బెల్టు, బేరింగులు, సీళ్లు, లేబర్ అన్నీ కలిపి చెప్పి ఉంటారు. వినడానికి రెండోవాళ్లు రెట్టింపు అడిగినట్టుంటుంది, కానీ ఏడాది తిరిగేసరికి అదే చవక అని తేలవచ్చు. అందుకే ముందు సామాను జాబితా, ఆ తర్వాతే రేటు. ఈ వరుసలో వెళ్తే మీ బండికి ఎంతవుతుందో మీరే లెక్కగట్టుకోగలరు.

హైదరాబాద్‌లో ఎక్కువగా కనిపించే బండి కాబట్టి పాత టాటా ఏస్ డీజిల్‌నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 2005లో వచ్చిన, 702 సీసీ రెండు సిలిండర్ల ఇంజిన్ ఉన్నది. వేరే పికప్ ఉన్నా, దాని ఇంజిన్‌లో బెల్టే ఉంటే పద్ధతి ఇదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఆర్‌సీ, లేదా దాని ఫోటో. ఛాసిస్ నంబర్, తయారైన సంవత్సరం కనిపించాలి.
- బండితో వచ్చిన పుస్తకంలో సర్వీసు పట్టిక ఉన్న పేజీ. పుస్తకం పోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో మీ మోడల్ చెప్పి, ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో అడిగి రాసుకోండి.
- ఇప్పటి మీటర్ రీడింగ్.
- పాత బిల్లులు, దొరికినన్ని.
- టార్చ్, పొడి గుడ్డ, ఒక నోటు పుస్తకం.

బెల్టు మీరే విప్పి బిగించుకొమ్మని నేను చెప్పను. బెల్టు పళ్లలో ఒక్క పన్ను అటూ ఇటూ అయినా టైమింగ్ తప్పుతుంది, తేడా ఎక్కువైతే ఇంజిన్‌కే దెబ్బ. పని మేస్త్రికి వదిలేయండి, కానీ పక్కనే ఉండండి.

1. అసలు మీ ఇంజిన్‌లో ఉన్నది బెల్టేనా?

పెద్ద లారీల డీజిల్ ఇంజిన్లలో చాలావరకు టైమింగ్ గేర్లే ఉంటాయి. కొన్ని పికప్‌లలో చైన్ ఉంటుంది. ఈ రెంటికీ బెల్టులా గడువు పెట్టి మార్చే పని లేదు. పాత ఏస్ డీజిల్‌లో మాత్రం పళ్లున్న రబ్బరు బెల్టే.

ఏస్‌లో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు లేపి టార్చ్ వేసి చూస్తే, ఇంజిన్‌కు ఒక పక్క స్క్రూలతో బిగించిన కవర్ కనిపిస్తుంది. టైమింగ్ బెల్టు దాని వెనకే దాగి ఉంటుంది. బయటికి కనిపిస్తూ ఆల్టర్నేటర్‌ను తిప్పేది ఫ్యాన్ బెల్టు, దాని సంగతి వేరు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. "బెల్టు మొన్ననే మార్పించాను" అంటారు, బిల్లు తీసి చూస్తే ఫ్యాన్ బెల్టు అని ఉంటుంది. ఫ్యాన్ బెల్టు తెగితే ఛార్జింగ్ ఆగుతుంది, దాని మీదే ఆధారపడిన పనులు ఆగుతాయి. టైమింగ్ బెల్టు తెగితే ఇంజిన్ లోపల వాల్వులు వంగుతాయి. పాత బిల్లులో "టైమింగ్" అనే మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి.

2. గడువు దాటిందా, లెక్క తీయండి

టైమింగ్ బెల్టులకు సాధారణంగా 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య, లేదా నాలుగైదేళ్లకు, ఏది ముందొస్తే అప్పుడు మార్చమంటారు. మీ బండికి కచ్చితమైన అంకె సర్వీసు పట్టికలో ఉంటుంది, దాన్నే పట్టుకోండి.

పాత బండ్లలో మీటర్ ఆగిపోయి ఉండటం మామూలే. అప్పుడు డీజిల్ లెక్కతో రండి. నెలకు సుమారు ఎన్ని లీటర్లు కొట్టిస్తున్నారు, లీటరుకు ఎంత ఇస్తోంది, బెల్టు మార్చి ఎన్ని నెలలైంది, ఈ మూడూ గుణించండి. నెలకు 100 లీటర్లు, లీటరుకు 16 కిలోమీటర్లు అయితే నెలకు 1,600, నాలుగేళ్లకు 76,800.

ఊళ్లో తిరిగే బండికి ఇంకో మాట కలుపుకోవాలి. బెల్టు తిరిగేది ఇంజిన్ నడిచినంతసేపు, చక్రాలు నడిచినంతసేపు మాత్రమే కాదు. ఉప్పల్ జంక్షన్‌లోనో, ఎల్బీ నగర్ దగ్గరో ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిలబడ్డ అరగంట మీటర్‌లో పడదు. అందుకని సిటీ కిరాయిలకు మాత్రమే తిరిగే బండికి చెప్పిన కిలోమీటర్ల కంటే కొంత ముందే మార్పించడం మంచిదని నా అభిప్రాయం.

సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా, పాత ఓనర్ మాట తప్ప బిల్లు లేదా? ఇంకేం ఆలోచించకండి, మార్పించండి.

3. బెల్టును ఒకసారి కంటితో చూడండి

ఇంజిన్ చల్లారాక, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాక పై కవర్ స్క్రూలు విప్పించండి. కవర్ తీసి ఉండగా స్టార్ట్ చేయకూడదు. వేళ్లో, చొక్కా చేతులో అందులో పడితే పెద్ద ప్రమాదం.

టార్చ్ వెలుగులో బెల్టు అంచులు చూడండి. దారపు పోగులు లేచి ఉన్నాయా, పళ్ల మొదట్లో సన్నని చీలికలు ఉన్నాయా, వీపు అద్దంలా మెరుస్తోందా, వేలితో తాకితే నూనె అంటుతోందా. వీటిలో ఒక్కటున్నా ఆ బండితో లోడ్‌కు వెళ్లకండి.

ఇవేవీ లేవు కాబట్టి బాగుందనుకోవడమూ తప్పే. పైకి నల్లగా నిగనిగలాడుతున్న బెల్టు లోపలి తాళ్లు అలసిపోయి తెగిన సందర్భాలు కావలసినన్ని. చూపు పరీక్ష "వెంటనే మార్చాలి" అని చెప్పగలదు గానీ "ఇంకా నడుస్తుంది" అని చెప్పలేదు. గడువు దాటితే దాటినట్టే.

4. జాబితా రాయండి

ఖర్చంతా తేలేది ఇక్కడే. బెల్టు దాకా చేరాలంటే సీటు, కవర్లు, ఫ్యాన్ బెల్టు, కింది పుల్లీ అన్నీ విప్పాలి. ఆ విప్పదీత కూలి ఒక్కసారే ఇవ్వాలంటే, లోపల అరిగిపోయేవన్నీ అప్పుడే మార్చేయాలి.

- టైమింగ్ బెల్టు.
- టెన్షనర్ బేరింగ్, అంటే బెల్టును బిగుతుగా పట్టి ఉంచే చక్రం. కొన్ని ఇంజిన్లలో దాంతోపాటు బెల్టుకు దారి చూపే ఐడ్లర్ చక్రం కూడా ఉంటుంది.
- క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఆయిల్ సీల్, క్రాంక్ (పిస్టన్లు తిప్పే కడ్డీ) ముందు ఆయిల్ సీల్. నూనె బయటికి కారకుండా ఆపే రింగులివి.
- ఫ్యాన్ బెల్టు. ఎలాగూ విప్పుతారు కాబట్టి పాతదైతే మార్చేయడమే.
- వాటర్ పంప్‌ను కూడా టైమింగ్ బెల్టే తిప్పే ఇంజిన్ అయితే వాటర్ పంప్, దాని ప్యాకింగ్, కూలెంట్. మీ ఇంజిన్‌లో అలా ఉందో లేదో కవర్ తీసినప్పుడు మేస్త్రిని చూపించమనండి.

టెన్షనర్‌ను వదిలేయడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. "చేత్తో తిప్పితే బాగానే తిరుగుతోంది, ఎందుకన్నా?" అంటారు. లోడ్ లేనప్పుడు చేత్తో తిప్పితే తిరుగుతుంది సరే, లోపలి గ్రీజు ఎండిపోయిందో లేదో చేతికి ఎలా తెలుస్తుంది? ఆ బేరింగ్ పట్టేసిన రోజు కొత్త బెల్టును కూడా కోసేస్తుంది.

ఆయిల్ సీళ్లూ అంతే. వాటి ధర తక్కువ, కానీ కారడం మొదలుపెడితే నూనె పడి కొత్త బెల్టు పాడవుతుంది. మళ్లీ మొదటినుంచి విప్పాలి.

లెక్క ఎలా వేయాలో ఊహించిన అంకెలతో చూద్దాం. ఇవి ఎక్కడి రేట్లూ కావు, మీకు వచ్చిన కొటేషన్లు వీటి స్థానంలో పెట్టుకోవాలి. బెల్టు రూ.1,000, టెన్షనర్ రూ.1,500, సీళ్లు రెండూ రూ.400, ఫ్యాన్ బెల్టు రూ.400, కూలెంట్ రూ.500, లేబర్ రూ.2,500 అనుకుంటే మొత్తం రూ.6,300. ఇప్పుడు సీళ్ల రూ.400 మిగుల్చుకున్నారనుకోండి. ఆరు నెలలకు సీల్ కారితే సీళ్లు రూ.400, బెల్టు మళ్లీ రూ.1,000, లేబర్ మళ్లీ రూ.2,500. అంటే రూ.3,900 కొత్తగా పెట్టాలి, పైగా ఒక రోజు కిరాయి పోతుంది.

ఆ పోయే కిరాయిని కూడా జాబితాలో రాయండి. డ్రైవర్‌కు రోజు జీతం ఇస్తున్నారా, ఫైనాన్స్ వాయిదా ఉందా, బండి నిలబడ్డ రోజు ఆ డబ్బు మీ జేబులోంచే పోతుంది.

5. ఒకే జాబితా పట్టుకుని మూడు చోట్ల అడగండి

కంపెనీ సర్వీస్ సెంటర్ ఒకటి, మీ ఏరియా మేస్త్రి ఒకరు, వనస్థలిపురం దగ్గర ఆటోనగర్‌లో ఒక షెడ్డు. ముగ్గురినీ ఒకే మాట అడగాలి:

"అన్నా, ఏస్ డీజిల్, ఫలానా సంవత్సరం మోడల్. టైమింగ్ బెల్టు, టెన్షనర్, క్యామ్ సీల్, క్రాంక్ సీల్, ఫ్యాన్ బెల్టు మార్చాలి. సామానుకు వేరే, లేబర్‌కు వేరే చెప్పు. సామాను నేనే తెచ్చిస్తే లేబర్ ఎంత?"

ఆఖరి ప్రశ్న తప్పకుండా అడగండి. సామాను మీరు తెస్తే కొందరు లేబర్ పెంచుతారు, కొందరు గ్యారంటీ ఇవ్వమంటారు. అది వాళ్ల కోణంలో న్యాయమే, మీరు తెచ్చిన బేరింగ్‌కు వాళ్లెందుకు పూచీ పడాలి? కాబట్టి ధరలో తేడా పెద్దగా లేకపోతే సామాను షెడ్డునే తెమ్మని, పాకెట్లు మీ ముందే విప్పమనండి. అది నాకు ఎక్కువ నచ్చే పద్ధతి.

పన్ను విషయంలో రెండు సంగతులు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వాహనాల విడిభాగాలన్నిటికీ జీఎస్టీ 18 శాతమే. పాకెట్ మీద ముద్రించిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఎంఆర్‌పీ వేసి దాని మీద మళ్లీ 18 శాతం కలిపితే ఆ బిల్లు తప్పు, నిలదీయండి. లేబర్ మీద జీఎస్టీ వేరుగా వేయవచ్చు, కానీ జీఎస్టీ నంబర్ ఉన్నవాళ్లే వేయాలి. బిల్లు మీద ఆ నంబర్ లేకుండా పన్ను వసూలు చేయకూడదు.

ఎక్కడ చేయించాలి? బండికి ఇంకా ఐదారేళ్ల ఆయుష్షు ఉందనుకుంటే, బిల్లు మీద రాసి గ్యారంటీ ఇచ్చే చోటు చూసుకోండి, కొంచెం ఎక్కువైనా. ఏస్ ఇంజిన్లు రోజూ విప్పే ఏరియా మేస్త్రి దొరికితే అతను కంపెనీవాళ్లకు ఏమాత్రం తీసిపోడు. అయితే టార్క్ రెంచ్ (బోల్టును సరిగ్గా చెప్పినంతే బిగించే పానా) ఉందా అని అడగండి. "చేతి అంచనా చాలన్నా" అంటే ఇంకో షెడ్డు చూసుకోండి.

6. సామాను కొనేటప్పుడు

రాణిగంజ్‌లో, పుత్లిబౌలిలో బేరమాడి కొనొచ్చు. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రం బండి విప్పించి, ఏదో ఒక సీల్ సైజు కుదరక సోమవారం దాకా కూర్చున్నవాళ్లు ఉన్నారు. పని మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. వినాయక చవితి, దసరా కిరాయిల సీజన్ మొదలయ్యేలోపే పూర్తయితే ఇంకా మంచిది.

కౌంటర్‌లో ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ నంబర్ తీయించండి. "ఏస్‌దే ఇవ్వు" అంటే చాలదు. ఏస్ పేరుతో రకరకాల ఇంజిన్లు వచ్చాయి.

కంపెనీ డబ్బానే కొనాలని లేదు. గేట్స్, కాంటినెంటల్ లాంటి బెల్టు తయారీదారుల సరుకు, పేరున్న బేరింగ్ కంపెనీల టెన్షనర్ వాడుకోవచ్చు. జాగ్రత్త పడాల్సింది నకిలీల దగ్గర. డబ్బా మీద అచ్చు మసకగా ఉందా, డబ్బా మీది పార్ట్ నంబర్, బెల్టు వీపు మీది నంబర్ ఒకటేనా, తయారైన నెల, ఎంఆర్‌పీ ఉన్నాయా చూడండి. ఎంఆర్‌పీలో సగానికే ఇస్తానంటే వద్దని వచ్చేయండి. మిగతా సామాన్లలో ఎక్కడైనా తగ్గించుకోండి గానీ బెల్టులో, టెన్షనర్‌లో వద్దు.

కొన్న బెల్టును మడవకూడదు, మెలితిప్పకూడదు, లోపలి తాళ్లు విరుగుతాయి. డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టకూడదు.

7. పని జరిగేటప్పుడు పక్కనుండి చూడాల్సినవి

బండి సమతలం మీద, న్యూట్రల్‌లో, చక్రాలకు అడ్డం పెట్టి ఉండాలి. బ్యాటరీ తీగ ఊడదీసి ఉండాలి, పొరపాటున ఎవరూ సెల్ఫ్ కొట్టకుండా.

అ) పాత బెల్టు తీసే ముందే టైమింగ్ గుర్తులు కలిపారా? క్యామ్ పుల్లీ మీద, కింద క్రాంక్ దగ్గర, బెల్టు తిప్పే డీజిల్ పంప్ పుల్లీ మీద గుర్తులుంటాయి. అవి కలిశాకే బెల్టు తీయాలి. ఫోటో తీసుకోండి.

ఆ) పాత బెల్టు మీద పెయింట్ చుక్కలు పెట్టి, కొత్తదాని మీదికి ఎక్కించే పద్ధతి చాలా షెడ్లలో ఉంది. అదనపు ధైర్యానికి పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి. కానీ పాత బెల్టే ఒక పన్ను తప్పి ఉంటే ఆ తప్పు కొత్తదానికీ వస్తుంది. ఇంజిన్ మీద కంపెనీ కొట్టిన గుర్తులే ప్రమాణం.

ఇ) కొత్త, పాత బెల్టులు పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కించారా, వెడల్పు చూశారా? రెండు నిమిషాల పని, చేయించండి.

ఈ) సీళ్లు మార్చాక ఆ చోటంతా గుడ్డతో పొడిగా తుడిచారా? నూనె చేతులతో బెల్టు ముట్టుకోనివ్వకండి.

ఉ) బెల్టు ఎక్కాలి గానీ ఎక్కించకూడదు. స్క్రూడ్రైవర్ పెట్టి పుల్లీ మీదికి నెడుతుంటే ఆపండి, టెన్షనర్ ఇంకా వదులు చేయాలని అర్థం.

ఊ) టెన్షన్ సరిచేశాక, పానాతో క్రాంక్‌ను ఇంజిన్ తిరిగే దిక్కుకే చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది, అప్పుడు గుర్తులన్నీ మళ్లీ ఎదురెదురుగా రావాలి. ఈ మొత్తం పనిలో మీరు కచ్చితంగా కళ్లారా చూడాల్సింది ఇదే. గుర్తులు ఒక పన్ను పక్కకు వస్తే బెల్టు తీసి మళ్లీ ఎక్కించాలి, "నడిస్తే సర్దుకుంటుంది" అనే మాట ఒప్పుకోవద్దు. తిప్పుతుంటే మధ్యలో గట్టిగా అడ్డు తగిలితే బలం పెట్టనివ్వకండి. లోపల పిస్టన్, వాల్వు తాకుతూ ఉండొచ్చు.

ఈ చేతి తిప్పుడు మానేసి నేరుగా సెల్ఫ్ కొట్టి చూడటం కొందరికి అలవాటు. టైమింగ్ బాగా తప్పి ఉంటే ఆ మొదటి సెల్ఫ్‌కే వాల్వులు వంగుతాయి.

8. స్టార్ట్ చేశాక ఎలా తెలుసుకోవాలి

మొదటి ఐదు నిమిషాలు చెవులు రిక్కించి వినండి. సన్నని ఈల లాంటి కూత వస్తే బెల్టు మరీ బిగుతుగా ఉంది. కవర్‌కు ఏదో తగులుతున్నట్టు టపటపమంటే వదులుగా ఉంది. స్టార్టింగ్ కష్టమై, తెల్లపొగ వదులుతూ, పికప్ తగ్గితే డీజిల్ పంప్ టైమింగ్ వెనకపడింది. దడదడమని గట్టిగా కొడుతుంటే ముందుకెళ్లింది. ఏది కనిపించినా అక్కడే సరిచేయించాలి, ఇంటికి తెచ్చాక చెప్తే పంచాయితీ మొదలవుతుంది.

ఖాళీ బండితో ఫ్లైఓవర్ ఎక్కించి చూసి రండి. కూలెంట్ మార్చి ఉంటే ఇంజిన్ పూర్తిగా చల్లారాక మట్టం చూడండి. వేడి మీద మూత తీయొద్దు.

పాత సామానంతా అడిగి తీసుకోండి. టెన్షనర్ మార్చామని బిల్లు వేసినవాళ్లు పాత టెన్షనర్ చూపించగలగాలి. బిల్లు మీద పార్ట్ నంబర్లు, తేదీ, కిలోమీటర్లు రాయించి ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. అవే అంకెలు చిన్న స్టిక్కర్ మీద రాసి సీటు కింద అంటించండి. డ్రైవర్ మారినా లెక్క పోదు.

వారం తర్వాత సీటు లేపి, సీళ్లున్న చోట తడి ఉందేమో ఒకసారి చూడండి.

ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గురించి ఒక మాట. రవాణా బండికి ఎనిమిదేళ్లు దాటాక ఫిట్‌నెస్ ఏటా చేయించాలి, ఎలాగూ ఆ రోజుల్లో బండి పనిలో ఉండదు. బెల్టు గడువు దగ్గరపడి ఉంటే రెండూ కలిపి పెట్టుకుంటే ఒక రోజు కిరాయి మిగులుతుంది. ఎఫ్‌సీ వచ్చింది కాబట్టి ఇంజిన్ లోపల బాగున్నట్టు అనుకోకండి. అక్కడ టైమింగ్ కవర్ విప్పి ఎవరూ చూడరు.

దారిలోనే తెగిపోతే

నడుస్తున్న ఇంజిన్ ఒక్కసారిగా ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే బరువు లేనట్టు తేలిగ్గా, మామూలు కంటే వేగంగా తిరగొచ్చు. అలా అనిపించిన మరుక్షణం సెల్ఫ్ ఆపేయండి. నలుగురిని పిలిచి గేర్‌లో వేసి తోయించడం అసలే వద్దు. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్‌కు, వాల్వులకు మధ్య చోటు బహు తక్కువ. తిప్పినకొద్దీ ఇంకొన్ని వాల్వులు వంగుతాయి, పిస్టన్ మీద దెబ్బలు పడతాయి.

న్యూట్రల్‌లో పక్కకు తోసి, పార్కింగ్ లైట్లు వేసి, ఇంకో బండితో లాగించుకోండి. విజయవాడ వైపు, ముంబై వైపు జాతీయ రహదారుల మీద అయితే రహదారి హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయొచ్చు.

షెడ్డుకు చేరాక "కొత్త బెల్టు వేసి చూద్దాం" అంటారు. ముందు కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి బిగువు) చూపించమనండి. అది లేకపోతే హెడ్ (సిలిండర్ల పైన వాల్వులుండే భాగం) దించక తప్పదు. వాల్వులు, గైడ్లు, హెడ్ ప్యాకింగ్, లేత్ షాపు పని, వీటి మీద పైన రాసిన బెల్టు జాబితా మొత్తం కలుస్తుంది. హెడ్ దించాక, లేత్‌కు పంపకముందే వంగిన వాల్వులు ఎన్ని, పిస్టన్ మీద మచ్చలున్నాయా మీ కళ్లతో చూసి, అప్పుడు రెండో అంచనా రాయించుకోండి. ఆ మొత్తం, రన్నింగ్‌లో ఉన్న ఇంకో ఇంజిన్ ధరకు దగ్గరగా వస్తుంటే రెండూ పోల్చి చూడాలి. ఇంజిన్ మార్చాలనుకుంటే మాత్రం దాని నంబర్ ఆర్‌సీలో ఎక్కించాలి, ఆర్‌టీఏలో ఆ పనికి ఏం కాగితాలు కావాలో కొనకముందే కనుక్కోండి.